ఉప్పు కడగకుండా లప్పం పెట్టకండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు బెంగళూరులో, అమ్మానాన్నలు మా విశాఖలోనే, బీచికి దగ్గర చినవాల్తేరులో పాత ఇంట్లో. మొన్నటి తుఫాను గాలికి మేడ మీద సిమెంటు రేకుల గదికి ఆరు రేకులు లేచిపోయాయి. ఆ నీళ్ళు మెట్ల మీదుగా దిగి హాల్లో జానెడు ఎత్తున రాత్రంతా నిలిచాయి. తూర్పు గోడ చెమ్మెక్కింది, హాల్లో స్విచ్‌బోర్డు చిటపటమంటోంది. తమ్ముడి పెళ్ళి ఇంకో ఐదు వారాలే ఉంది. కాంట్రాక్టరు పది రోజుల్లో లప్పం (గోడ నున్నగా రావడానికి పూసే పుట్టీ) పెట్టి, రంగు వేసి, కొత్త ఇల్లులా చేసిస్తానని అడ్వాన్సు అడుగుతున్నాడు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీ ప్రశ్న.

ముందు ఆ అడ్వాన్సు ఇవ్వకండి. అతను మోసగాడని నేననడం లేదు. పది రోజుల్లో చేస్తాడు, బాగానే చేస్తాడు, పెళ్ళి ఫొటోల్లో గోడలు మెరుస్తాయి కూడా. ఎండాకాలం వచ్చేసరికి ఆ లప్పం అప్పడంలా లేస్తుంది. ఇది నాకెలా తెలుసంటే, నా ఇంటికే అలా చేయించుకున్నాను కనక. ముప్ఫై రెండేళ్ళు ఈ ఊళ్ళో కట్టుబడి పనులు చేయించినవాణ్ణి, ఒకరికి చెప్పాల్సిన వాణ్ణి, 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తున్నారని హడావుడి పడి డిసెంబరులో రంగు వేయించాను. ఏప్రిల్‌లో గోడ మీద అరచెయ్యి పెట్టి రాస్తే తెల్లటి పొడి రాలింది. నాలుక చివర పెట్టి చూశాను, ఉప్పు. రెండోసారి గీకించి, మళ్ళీ వేయించడానికి పడ్డ ఖర్చు తుఫాను చేసిన నష్టం కంటే ఎక్కువ.

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, ఆదివారం మధ్యాహ్నం మన ఊరి మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు గాలి. పొద్దున్నుంచి ఈశాన్యం నుంచి కొట్టింది. మధ్యాహ్నం ఒక్కసారి అంతా ఆగిపోయింది. మా వీధిలో జనం బయటికొచ్చి, విరిగిన కొమ్మలు ఈడ్చి పక్కన పడేయడం కూడా మొదలుపెట్టారు. అది తుఫాను కన్ను, సుడి నడిమధ్యలో గాలి ఉండని చోటు. కాసేపటికి నైరుతి నుంచి మొదలైంది, పొద్దున తట్టుకున్న తలుపులన్నీ అప్పుడు పోయాయి. వాస్తు ప్రకారం ఈశాన్యం ఖాళీగా, నైరుతి బరువుగా కట్టుకున్నాం కదా అనుకుంటే, ఆ రోజు రెండు మూలలూ సమానంగానే దెబ్బతిన్నాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి గాలిలో వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. అది ఉత్త వాన కాదు, అలల మీంచి లేచిన ఉప్పునీటి తుంపర కూడా అందులో ఉంటుంది. బీచికి ఆ దగ్గర్లో ఉన్న ఇంటికి మరీను. ఊరి లోపల వరదలో మునిగిన ఇంటికీ మన ఇంటికీ తేడా ఇదే. వాళ్ళది బురద, మనది ఉప్పు. నీరు ఆరిపోతుంది, ఉప్పు ఆరదు. గోడలో కూర్చుని, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా నీళ్ళు లాక్కుంటుంది, ఎండినప్పుడల్లా పొంగుతుంది. ఈ ఊళ్ళో తేమ ఎప్పుడు తగ్గింది గనక!

సరే, వరసలోకి వద్దాం. చిటపటలాడుతున్న స్విచ్‌బోర్డే మొదటి పని. ఇవాళే అమ్మగారికి ఫోన్ చెయ్యండి, ఆ బోర్డు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పండి. మెయిన్ ఆపేయమనండి, ఆపేవాళ్ళు పొడి నేల మీద పొడి చెప్పులతో నిలబడాలి. మెయిన్ ఉన్న చోట తడిగా ఉన్నా, మీటరు పెట్టెలోకి నీళ్ళు వెళ్ళినట్టు కనిపించినా అసలు దగ్గరికి పోవద్దు, 1912కి ఫోన్ చేస్తే విద్యుత్తు సంస్థవాళ్ళు స్తంభం దగ్గర తీసేస్తారు. చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు లేస్తుంది. కరెంటు పోయిందనుకుని తడి బోర్డులో చెయ్యి పెడితే, ఇన్వర్టరు ఇచ్చే కరెంటూ అంతే కొడుతుంది. కాబట్టి మెయిన్, ఇన్వర్టరు రెండూ ఆపాలి. పైన సోలారు పలకలు ఉంటే, పగిలినవాటిని ఎండలో ముట్టుకోకూడదు. మెయిన్‌తో వాటికి సంబంధం లేదు, ఎండ ఉన్నంతసేపూ కరెంటు తయారవుతూనే ఉంటుంది.

ఆ చిటపట ఏమిటో చెబుతాను. మొన్ననే పెదవాల్తేరులో ఒకరింట్లో అలాంటి బోర్డే విప్పించాను. బయట ప్లేటు శుభ్రంగా, తెల్లగా ఉంది. నాలుగు స్క్రూలు తీసి ముందుకు లాగితే, లోపల ఇత్తడి టెర్మినళ్ళ మీద పచ్చటి చిలుము, స్విచ్చికీ స్విచ్చికీ మధ్య సన్నటి తెల్లపొర. వేలితో గీస్తే గీత పడింది. ఒక చోట ఆ పొర మీదే పెన్సిలు గీతంత నల్లటి దారి ఉంది, ఫేజు నుంచి న్యూట్రల్‌కి. అక్కడే కరెంటు పాకుతోంది, అక్కడే ఆ చప్పుడు. ఇలాంటి బోర్డుని హెయిర్ డ్రయరుతో ఆరబెట్టి వాడుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. నీళ్ళు పోతాయి, ఉప్పు ఉంటుంది, రేపు మబ్బు పట్టగానే మళ్ళీ మొదలు. తడిసిన స్విచ్చులు, సాకెట్లు పారేయండి, కొత్తవి వేయించండి. వాటి ఖరీదు పెళ్ళి ఖర్చులో కనిపించను కూడా కనిపించదు. గోడలో ఉన్న వైర్లు మాత్రం అన్నీ మార్చనక్కర్లేదు. ఎలక్ట్రీషియన్ని మెగ్గర్ తెచ్చి చూడమనండి, వైరు తొడుగులోంచి కరెంటు కారుతోందో లేదో కొలిచే పరికరం అది. 500 వోల్టుల మీద కొలిస్తే ఒక్కో సర్క్యూటుకి కనీసం ఒక మెగోమ్ రావాలి. రాకపోతే పైపుల్లో ఇంకా నీళ్ళున్నట్టు, వారం ఆగి మళ్ళీ కొలవాలి. మెగ్గర్ లేదు, చేత్తో చూసి చెప్పేస్తానంటే ఇంకొకరిని పిలవండి. ఇంత పని ఎలాగూ జరుగుతోంది కాబట్టి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఒకటి పెట్టించండి, పాత ఇంట్లో ఉండి ఉండదు.

నీళ్ళు తగిలిన ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, నీళ్ళు తోడే మోనోబ్లాక్ మోటారు, వీటిని ఆన్ చేసి "పనిచేస్తోందో లేదో చూద్దాం" అనుకోవద్దు. ఆ ఒక్క చూడ్డంతోనే కాలిపోతాయి. మోటారు వైండింగ్ షాపులో ఇస్తే విప్పి, కడిగి, వేడిలో ఆరబెట్టి, వార్నిష్ వేసి ఇస్తారు.

రెండో పని ఫొటోలు. తుడవకముందే. ఇప్పటికే కొంత తుడిచేసి ఉంటారు, పర్వాలేదు, గోడ మీద నీటి గీత ఎక్కడిదాకా ఉందో అది మిగిలే ఉంటుంది. టేపు పెట్టి కొలుస్తూ ఫొటో తియ్యమనండి. నాన్నగారు బ్యాంకులో ఇంటి లోను తీసుకున్నారేమో అడగండి, లోనుతో పాటు ఇంటి బీమా చేయించి మరిచిపోయినవాళ్ళు చాలామంది. 2021 నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీల్లో తుఫాను, వరద నష్టం కవరవుతుంది. కంపెనీకి వెంటనే తెలియజేసి, సర్వేయరు వచ్చేదాకా విరిగిన రేకుల ముక్కలు, తడిసిన పరుపు వీధిలోకి విసిరేయకుండా ఒక మూల ఉంచండి. పరుపు కుళ్ళి ఉంచుకోలేకపోతే ఫొటో, ఒక చదరపడుగు ముక్క చాలు. కారు నీళ్ళలో నిలిస్తే తాళం కూడా తిప్పకండి, లాగించుకుపోయి చూపించండి. ప్రభుత్వం తరఫున నష్టం రాసుకోవడానికి ఎవరైనా వస్తే ఈ ఫొటోలే పనికొస్తాయి.

ఇక రేకులు. మన దేశంలో గాలి లెక్కకు వాడే కోడు ఐఎస్ 875, మూడో భాగం. అందులో విశాఖపట్నానికి వేసిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మీరున్న బెంగళూరుకు 33 మీటర్లే. వేగం ఒకటిన్నర రెట్లే అనిపిస్తుంది గానీ గాలి తోపు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి ఇక్కడి కప్పు మీద పడే బలం అక్కడికి రెండింతలకు పైనే. ఇంకొకటి, గాలి రేకుని నెట్టదు, పైకి పీలుస్తుంది. అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర ఆ పీల్పు అన్నిటికంటే ఎక్కువ. మీ ఆరు రేకులూ అంచు వరసలోవే అయి ఉంటాయి, పందెం కాస్తాను.

ఊడిపోయిన చోట పైపు మీద మిగిలిన జే హుక్కులు, అంటే రేకుని పైపుకి పట్టి ఉంచే వంకీలు చూడమనండి. తుప్పు పట్టి సన్నబడి తెగితే ఒక కథ, హుక్కులు బాగానే ఉండి వాషరు చుట్టూ రేకు చిరిగితే ఇంకో కథ. మొదటిది అయితే మిగిలిన రేకుల హుక్కులూ అదే వయసువి, అవి వచ్చే తుఫానుకి పోతాయి, అన్నీ మార్చాలి. రెండోది అయితే హుక్కులు చాలలేదు. మామూలుగా మన మేస్త్రీలు అన్ని వరసల్లోనూ ఒకే దూరంలో బిగిస్తారు. అంచు వరసల్లో, మూలల్లో దగ్గరదగ్గరగా బిగించమనండి. బెజ్జం రేకు మిట్ట మీద వెయ్యాలి, పల్లంలో వేస్తే నీళ్ళు దిగుతాయి. పైపులు గోడకు దేనితో కట్టి ఉన్నాయో అదీ చూడాలి. హుద్‌హుద్‌లో రేకు గట్టిగా బిగించిన చోట పైపుతో సహా లేచిపోయిన కప్పులు చూశాను.

సిమెంటు రేకులంటే పాతవి ఆస్బెస్టాసే, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. విరిగిన ముక్కల్ని గ్రైండరుతో కొయ్యొద్దు, పొడిగా ఊడవొద్దు. నీళ్ళు చల్లి, మాస్కు కట్టుకుని, గోనె సంచుల్లో కాదు, మందపు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి మూతి కట్టాలి. పాత రేకు మీద అడుగు పెట్టనే వద్దు. ప్రతి తుఫాను తర్వాతా గాలికి పోయినవాళ్ళతో పాటు కప్పు బాగుచెయ్యబోయి రేకు విరిగి కిందపడ్డవాళ్ళ వార్తా ఉంటుంది. పలక వేసి, పైపుల మీదుగా నడవాలి. నాన్నగారి వయసు మీరు రాయలేదు, ఎంతైనా ఆయన్ని ఎక్కనివ్వకండి. "నేనే కట్టించాను, నాకు తెలీదా" అంటారు. మేమంతా అలాగే అంటాం.

నా సలహా, సిమెంటు రేకులు మళ్ళీ కొనకండి. ఇప్పటికి మంచి టార్పాలిన్ బరకం రెండు వైపులా పిట్టగోడకు దిగేలా వేసి, అంచుని చెక్క పట్టీల కింద పెట్టి బిగించండి. ఇటుకలు బరువు పెట్టడం వద్దు, ఇంకో గాలి వస్తే అవి పక్కింటి కారు మీద పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ మనకి తుఫానుల కాలమే. 2018లో తిత్లీ, 2025లో మోంథా, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. సంక్రాంతి వెళ్ళాక రంగు వేసిన జీఐ రేకులు (జింకు పూసిన ఇనుప రేకులు), రబ్బరు వాషర్ల స్క్రూలతో వేయించుకోండి. స్లాబు వేద్దామని తమ్ముడు అంటున్నాడని రాశారు. పునాది, కింది గోడలు ఆ బరువు మోస్తాయో లేదో ఇంజనీరు వచ్చి చూడకుండా నేను గానీ మీ కాంట్రాక్టరు గానీ చెప్పగలిగింది కాదు.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం, అసలు మీ పెళ్ళి టెన్షన్ అంతా దాని గురించే కదా.

మొదట కడగాలి. తడిసిన గోడని ఇంకా తడపడం ఏమిటని అమ్మగారు గొడవ చేస్తారు, చెయ్యనివ్వండి. బయటి గోడలు, గ్రిల్సు, కిటికీ రెక్కలు, మేడ మీద నేల, ఏసీ బయటి యూనిట్, అన్నీ మంచినీళ్ళతో పైనుంచి కిందికి కడిగించండి. ఏసీ దగ్గర మాత్రం కరెంటు తీసేశారో లేదో చూసుకుని, నీటి ధార గట్టిగా కొట్టకుండా. వారం పది రోజుల్లో రెండుసార్లు. గ్రిల్సుకి ఇప్పుడే రంగు వెయ్యొద్దు, ఉప్పు మీద రంగు వేస్తే లోపల తుప్పు తన పని తాను చేసుకుంటుంది. లోపలి గోడకు ధార కొట్టనక్కర్లేదు. నీటి గీతకు అడుగు పైదాకా పాత లప్పం, రంగు గీకించేసి, ప్లాస్టరింగు బయటపడ్డాక తడి గుడ్డతో రెండు మూడుసార్లు తుడిపించాలి, ప్రతిసారీ నీళ్ళు మార్చి. లప్పం పొర ఉన్నంతకాలం గోడ ఊపిరాడదు, లోపలి నీళ్ళు బయటికి రావు. కాంట్రాక్టరు చెప్పిన పని దీనికి సరిగ్గా తలకిందులు, తడి మీద ఇంకో మూత వెయ్యడం.

గీకించేటప్పుడే మేస్త్రీ చేత తాపీ పిడితో గోడంతా కొట్టించండి. గట్టి చోట "టక్ టక్" మంటుంది, ప్లాస్టరింగు గోడని వదిలేసిన చోట "డబ్ డబ్" మని గుల్ల శబ్దం వస్తుంది. ఆ చోట్ల సుద్దతో చుట్టూ గీసుకుని, అంతవరకే రాలగొట్టి మళ్ళీ చెయ్యాలి. గోడంతా రాలగొట్టేద్దామని మేస్త్రీ అంటాడు, అతనికి పని ఎక్కువ కదా. అక్కర్లేదు. స్లాబు అడుగునా, సన్‌షేడ్ల అడుగునా కూడా కొట్టి చూడండి. అక్కడ గోధుమరంగు చారలు కనిపిస్తే లోపలి చువ్వలు తుప్పు పడుతున్నట్టే. తుప్పు ఇనుము కంటే రెండింతలకు మించి చోటు తీసుకుంటుంది, అందుకే కాంక్రీటు పగిలి పెళ్ళలు ఊడతాయి. బీచిరోడ్డు పక్క ఇళ్ళన్నిటికీ ఇది తుఫానుతో పనిలేకుండా ఉన్న జబ్బే, తుఫాను దాన్ని బయటపెడుతుంది. చువ్వ వెనకదాకా చెక్కి, తీగ బ్రష్షుతో తెల్లగా రుద్ది, తుప్పు నివారణ పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. పైపైన సిమెంటు పులిమేస్తే ఏడాదికి మళ్ళీ ఊడుతుంది, ఈసారి ఎవరి నెత్తి మీదో.

ఆ తర్వాత ఆరబెట్టడం. ఇక్కడే అందరికీ ఓపిక నశిస్తుంది. వాన లేని పగలు తలుపులు, కిటికీలు తీసి, ఫ్యాన్లు గోడ వైపు తిప్పి పెట్టాలి. సాయంత్రం సముద్రపు గాలి తేమతో వస్తుంది, అప్పుడు తూర్పు కిటికీలు మూసెయ్యండి. బీరువా, మంచం గోడకు జానెడు దూరం జరపండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది, ఈ ఊళ్ళో నెలలూ పట్టొచ్చు.

ఆరిందో లేదో చెయ్యి పెడితే తెలీదు. అమ్మగారికి ఈ చిన్న పరీక్ష నేర్పండి. అడుగు నలుచదరం పలచటి పాలిథిన్ ముక్క, చీర కవరైనా సరే, గీకిన గోడ మీద నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అతికించాలి. ఒక రోజంతా ఉంచి తియ్యాలి. లోపలివైపు చిన్నచిన్న నీటి బొట్లు పేరుకున్నా, గోడ మీద ఆ చదరం మేర నల్లగా కనిపించినా ఇంకా తడే. నేను ఒక ఇంట్లో తొమ్మిది వారాలు వరసగా ప్రతి సోమవారం ఇలా అతికించాను. ఆ ఇంటావిడ మొదట్లో నవ్వేది, ఆరో వారానికి తనే కవరు సిద్ధంగా పెట్టేది. పదో వారం కవరు పొడిగా వచ్చింది, అప్పుడు ప్రైమరు వేశాం. ఆ గోడ ఇప్పటికీ బాగుంది.

మరి పెళ్ళి మాటేమిటి? ఐదు వారాల్లో మీ తూర్పు గోడ ఆరదు. లప్పం గీకేసిన చోట సున్నం వేయించండి, కాస్త నీలిమందు కలిపి. సున్నం చెమ్మని లోపల బంధించదు, బూజునీ కొంత ఆపుతుంది. రెండు పూతలు వేస్తే పందిట్లోంచి చూసేవాళ్ళకి ఏ తేడా తెలీదు. పసుపు కుంకుమలు, మామిడాకుల తోరణాల పక్కన సున్నం గోడే అందంగా ఉంటుంది, ఇది నా అభిప్రాయం. తర్వాత ఎమల్షన్ రంగు వెయ్యాలంటే ఈ సున్నం మళ్ళీ గీకించాలి, ఆ కూలి ఒకటి అదనం. పాత రంగు గట్టిగా ఉన్న మిగతా గోడల మీద సున్నం అంటుకోదు, వాటిని సబ్బునీళ్ళతో తుడిస్తే చాలు.

బూజు పట్టిన చోట చీపురుతో దులపకండి, ఇల్లంతా ఎగురుతుంది. మాస్కు పెట్టుకుని తడి గుడ్డ, సబ్బునీళ్ళతో తుడిచి, ఆ గుడ్డ పారెయ్యండి. నాన్నగారికి ఉబ్బసం గానీ ఉంటే ఆ నాలుగు రోజులూ పెద్దమ్మ ఇంట్లోనో ఎక్కడో ఉంచండి.

తలుపులు ఉబ్బి మూతపడటం లేదని వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. ఇప్పుడు పట్టిస్తే మార్చిలో కర్ర కుంచించుకుపోయి వేలు దూరేంత సందు వస్తుంది. టేకు అయితే దానంతటదే సర్దుకుంటుంది. ప్లైవుడ్ అడుగు ఉబ్బి పొరలుగా విచ్చుకుంటే దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు.

కిటికీల్లోంచి నీళ్ళు ఎలా వచ్చాయో అర్థం కాలేదన్నారు. అల్యూమినియం స్లైడింగ్ కిటికీ కింది పట్టీలో బయటివైపు రెండు చిన్న రంధ్రాలుంటాయి, నీళ్ళు పోవడానికి. అవి దుమ్ముతో పూడిపోతే పట్టీ చిన్న కాలవలా నిండి లోపలికి పొర్లుతుంది. చీపురు పుల్ల పెట్టి పొడవమనండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. సిలికాన్ మాత్రం ఆరిన చోటే అంటుకుంటుంది.

నీళ్ళ సంగతి. ఆ రాత్రి నీళ్ళు సంపు మూత మీదుగా వెళ్ళి ఉంటే సంపు మొత్తం తోడించి, గోడలు రుద్దించి, మళ్ళీ నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యాలి. నేరుగా కుమ్మరించకుండా బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళు పొయ్యాలి. ఆ నీటినే పైన ట్యాంకుకీ ఎక్కించి, కుళాయిలు తిప్పి వాసన వచ్చేదాకా చూసి, పన్నెండు గంటలు ఉంచి, మొత్తం వదిలేయాలి. అదే రోజు బాత్రూంలో యాసిడ్ పోసి కడగొద్దు. బ్లీచింగూ యాసిడూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. తాగే నీళ్ళు కొన్నాళ్ళు తెర్లేలా కాచుకోండి.

శుభ్రం చేసేవాళ్ళకి గట్టి చెప్పులు గానీ బూట్లు గానీ కొనిపెట్టండి. మేడ మీద రేకు ముక్కలు, గాజు పెంకులు, మేకులు. గుచ్చుకుంటే టెటనస్ ఇంజెక్షను ఆ రోజే. కొమ్మలూ చెత్తా గుట్టగా పడున్న చోట చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి. మనకు కొండలు దగ్గర, వానకి పాములు దిగుతాయి. ఏదైనా కరిస్తే మంత్రాలు, కట్లు వద్దు, కదలకుండా పడుకోబెట్టి నేరుగా కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జి ఆసుపత్రికి.

ఇంటి దస్తావేజులు తడిశాయని చివర్లో ఒక్క మాట రాశారు. అది చివర్లో రాయాల్సింది కాదు! ఎండలో పెట్టకండి, ఇస్త్రీ పెట్టె అసలే వద్దు. కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే లాగకుండా, కట్ట మొత్తాన్ని ఫ్యాను గాలిలో నిలబెట్టి, విడివడినకొద్దీ మధ్యలో తెల్ల కాగితం పెడుతూ రండి. వార్తాపత్రిక పెడితే సిరా అంటుతుంది. ముద్రలు చెరిగిపోయినా కంగారు పడనక్కర్లేదు, రిజిస్టరైన దస్తావేజుకి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. దస్తావేజు నంబరు, సంవత్సరం కనపడే పేజీ ముందు ఫోనులో ఫొటో తీసిపెట్టుకోండి.

ఇక కాంట్రాక్టరుకి ఏం చెప్పాలి. పనిని మూడు ముక్కలు చెయ్యండి. ఇప్పుడు గీకడం, కడగడం, గుల్ల ప్లాస్టరింగు రాలగొట్టడం, బరకం కట్టడం, దీనికి రోజుకూలి లెక్కన ఇవ్వండి. పెళ్ళికి వారం ముందు సున్నం. సంక్రాంతి నుంచి శివరాత్రి లోపు రేకులు, వాటర్‌ప్రూఫింగు, లప్పం, రంగు, దీనికి అప్పుడు విడిగా కొటేషను. తుఫాను వెళ్ళిన నెలలో కూలి, సామాను రెండూ మండిపోతాయి. ఫిబ్రవరికి అదే మేస్త్రీ తనే ఫోన్ చేసి పని ఉందా అని అడుగుతాడు. అతను దీనికి ఒప్పుకోకపోతే వేరొకరిని చూసుకోండి.

మేడ మీద కోటింగు కూడా ఇప్పుడే వేసేస్తానని అన్నాడేమో. ఒప్పుకోవద్దు, తడి స్లాబు మీద వేస్తే ఎండకి బొబ్బలు లేస్తాయి. ఇప్పుడు వాన నీళ్ళ పైపుల మూతుల్లో ఇరుక్కున్న ఆకులు తీయించండి, అంతే.

ముందు ఆ బోర్డు సంగతి చూడండి. తర్వాత, గీకించిన పది రోజులకి తూర్పు గోడ మీద, నేలకి రెండడుగుల ఎత్తున పాలిథిన్ అతికించి, ఒక రోజు ఆగి, తీసేముందు దగ్గర నుంచి ఫొటో తీయించి ఇక్కడ పెట్టండి. బొట్లు ఎంత ఉన్నాయో చూసి మిగతాది చెబుతాను.